ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో అట్టపెట్టెను కాదు, గాలి ఒత్తిడిని అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. అమెరికాలో ఉండి మీ పత్రికను ఆన్‌లైన్‌లో చదివే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాటిలో సొంతిల్లు కొనుక్కున్నవాళ్లకు పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాం. ఇక్కడి చాలా ఇళ్లలో చలికాలానికీ ఎండాకాలానికీ ఏర్పాటు ఒక్కటే. ఇంట్లోని గాలిని ఒక బ్లోయర్ లాక్కుని, వేడిచేసో చల్లబరిచో డక్టుల్లోంచి తిరిగి గదుల్లోకి పంపుతుంది. గాలి వెనక్కి వచ్చే దారిలో అట్ట చట్రం ఉన్న ఫిల్టర్ ఒకటి అడ్డంగా ఉంటుంది. దాన్ని ఎప్పుడు మార్చాలని అడిగితే అట్టపెట్టె మీద 90 రోజులని ఉంటుంది. సర్వీసుకొచ్చిన మనిషి నెలకోసారి అంటాడు. పక్కింటివాళ్లు నల్లబడినప్పుడు చూసుకోవచ్చులే అంటారు. మూడూ అంచనాలే. కొలిచి తెలుసుకునే పద్ధతి ఒకటుంది. దానికి కావలసినవి ఒక పలక, అక్వేరియం గొట్టం, కాసిని నీళ్లు.

రోజుల లెక్క ఎందుకు కుదరదో ముందు చెప్పాలి. ఫిల్టర్‌లో దుమ్ము చేరేది బ్లోయర్ తిరిగినప్పుడే. డాలస్‌లో జులై, ఆగస్టుల్లో ఏసీ రోజంతా నడుస్తూనే ఉంటుంది. అదే ఇంట్లో అక్టోబరు చివర కిటికీలు తెరుచుకుంటే చాలు, రెండు మూడు వారాలపాటు బ్లోయర్‌కు పనే ఉండదు. ఆస్టిన్ చుట్టుపక్కల డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సీడార్ పుప్పొడి, మార్చి ఏప్రిల్ నెలల్లో ఓక్ పుప్పొడి. కొత్త కాలనీలో పక్క ప్లాట్లలో ఇళ్లు లేస్తుంటే ఆ మట్టి వేరు. పైగా మన వంటిల్లు ఉంది. రోజూ తాలింపు, వారానికి రెండుసార్లు వేపుళ్లు, పొద్దున్నే అగరొత్తులు. ఈ లెక్కలేవీ అట్టపెట్టె మీద 90 అని అచ్చువేసినవాళ్లకు తెలియవు. థర్మోస్టాట్‌లో వచ్చే గుర్తుచేసే సందేశం బ్లోయర్ తిరిగిన గంటలు లెక్కపెట్టేదైతే క్యాలెండర్ కంటే కాస్త నయం. కానీ ఆ గంటల్లో గాలి ఎంత మురికిగా ఉందో దానికీ తెలియదు.

కంటితో చూసి చెప్పడం ఇంకా మోసం. మెర్వ్ 8 ఫిల్టర్ (మెర్వ్ అంటే ఎంత సన్నటి దుమ్మును పడుతుందో చెప్పే అంకె, పెరిగేకొద్దీ సన్నటిది పడుతుంది) నిండా బూడిదరంగుకు తిరిగినా గాలి హాయిగా పోతుండవచ్చు. గోడలు కోసి షీట్‌రాక్ (జిప్సం పలకల) పని చేయించిన ఇంట్లో మాత్రం తెల్లటి ఫిల్టర్‌లో తెల్లటి పొడి చేరుతుంది. పైకి కొత్తదానిలా మెరుస్తుంటుంది. మడతల మధ్యకు వేలు పెట్టి గీస్తే పిండిలాంటి పొర గోటికి అంటుకుంటుంది. అలాంటిది వారంలోనే పూడుకుపోతుంది.

కొలవాల్సింది ఫిల్టర్‌కు ముందూ వెనకా ఉన్న గాలి ఒత్తిడిలో తేడాని. దీన్ని ఇక్కడ అంగుళాల నీటి ఎత్తులో చెబుతారు. 1 అంగుళం అంటే 249 పాస్కల్‌లు. మనకు కావలసినవి అందులో పదోవంతు, అయిదోవంతు అంకెలు. ఎందుకంటే ఇళ్లలోని చాలా యూనిట్లు బయటి అడ్డంకులన్నీ కలిపి 0.5 అంగుళం దాకానే ఉంటాయన్న లెక్కతో తయారవుతాయి. ఆ సగం అంగుళంలోనే డక్టులు, గ్రిల్లులు, ఫర్నేస్ (వేడిచేసే యంత్రం) మీద విడిగా కూర్చోబెట్టిన కాయిల్ (ఏసీ గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట), ఫిల్టర్ అన్నీ సర్దుకోవాలి. ఫిల్టర్ వాటా 0.1 అయితే బాగుంటుంది. అదే 0.35 తినేస్తే మిగిలినవాటికి చోటుండదు. గాలి తగ్గుతుంది. ఎండాకాలం కాయిల్ సున్నా డిగ్రీల సెల్సియస్ కిందికి పోయి మంచు కడుతుంది. చలికాలం ఫర్నేస్ లోపల వేడి పేరుకుని హై లిమిట్ స్విచ్ పడుతుంది. అప్పుడు బర్నర్ ఆరిపోయి, ఫ్యాన్ మాత్రం తిరిగి, కాసేపటికి మళ్లీ వెలుగుతుంది. ఇల్లు వెచ్చబడదు. ఇది చూసి బోర్డు పోయిందనుకుని వందల డాలర్లు పెట్టేవాళ్లున్నారు.

ఇక పలక సంగతి. 20 అంగుళాల పొడవు, అరడుగు వెడల్పు ఉన్న చెక్క పలక తీసుకోండి. అక్వేరియం దుకాణంలో దొరికే పారదర్శకమైన గాలి గొట్టం, లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లది, ఒక పది అడుగులు కొనండి. దాన్ని పలక మీద పొడవు వెంబడి యు ఆకారంలో వంచి, రెండు కాళ్లూ 16 అంగుళాలు నిటారుగా వచ్చేలా క్లిప్పులతో బిగించండి. వంపు దగ్గర గొట్టం నలగకూడదు. రెండు కాళ్ల మధ్య స్కేలు అంటించండి. గ్లాసు నీళ్లలో కాస్త తినే రంగు, ఒకే ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి, ఆ నీటిని రెండు కాళ్లలోనూ సగం దాకా పోయండి. సబ్బు వేయకపోతే నీరు గొట్టం గోడకు పట్టుకుని కదలదు, అంకె తప్పు చూపుతుంది. ఎక్కువ వేస్తే నురగ.

పలకను నిలబెట్టి చూస్తే 0.1 అంగుళం అంటే రెండున్నర మిల్లీమీటర్లే. కంటికి ఆనదు. కాబట్టి పలకను దాదాపు పడుకోబెట్టాలి. వంపు ఉన్న కొస బల్ల మీద ఆనించి, రెండో కొస కింద సరిగ్గా 2 అంగుళాల ఎత్తు దిమ్మ పెట్టండి. 20కి 2, అంటే పదోవంతు వాలు. ఇప్పుడు 0.1 అంగుళం తేడాకు రెండు కాళ్లలోని నీటిమట్టాల మధ్య పలక వెంబడి ఒక అంగుళం తేడా వస్తుంది. అంటే స్కేలు మీద కనిపించే తేడాను పదితో భాగిస్తే అసలు కొలత వస్తుంది. పలక అడ్డంగా కూడా సమంగా ఉందో లేదో స్పిరిట్ లెవెల్‌తో చూడండి. ఒక పక్కకు వాలితే ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు కూడా తేడా కనిపిస్తుంది. ఫ్యాన్ ఆపి రెండు నీటిమట్టాలూ ఒకే గీత దగ్గర ఉన్నాయని చూసుకున్నాకే కొలత మొదలుపెట్టాలి. నీటిలో ఒక్క గాలిబుడగ ఉన్నా ఆ కొలత చెత్తబుట్టకే.

గొట్టాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంటిని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో చాలా ఇళ్లలో యూనిట్ యాటిక్‌లో (పైకప్పు కింది ఖాళీలో) ఉంటుంది, ఫిల్టర్ మాత్రం హాలు కప్పులోనో గోడలోనో రిటర్న్ గ్రిల్ (గాలి వెనక్కి వెళ్లే జాలి) వెనక ఉంటుంది. ఈ ఏర్పాటుకు ఒక్క గొట్టం చాలు, డ్రిల్లు అక్కర్లేదు. ఫిల్టర్ ముందువైపు గది గాలే కదా. అందుకని పలక మీద ఒక కాలిని గదిలోకి తెరిచి వదిలేసి, రెండో కాలి గొట్టాన్ని ఫిల్టర్ వెనక్కి చేర్చాలి. అట్ట చట్రం మూలలో పెన్సిలంత బెజ్జం చేసి గొట్టాన్ని దూర్చి, చుట్టూ అల్యూమినియం టేపు వేయండి. మడతలున్న గుడ్డలో మాత్రం బెజ్జం చేయకండి. అపార్ట్‌మెంట్లలో అద్దెకుండేవాళ్లకూ ఈ పద్ధతి నప్పుతుంది.

ఫిల్టర్ యూనిట్ దగ్గరే ఉంటే రెండు గొట్టాలు కావాలి, ఒకటి ఫిల్టర్ ముందు డక్టులోకి, ఒకటి ఫిల్టర్ దాటాక. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒక కొసను యాటిక్ గాలిలోకి వదిలేయడం. అప్పుడు వచ్చే అంకెలో రిటర్న్ డక్టు అడ్డంకి కూడా కలిసిపోతుంది. ఫిల్టర్ కొత్తదైనా 0.3 చూపి కంగారుపెడుతుంది. డక్టు రేకుకు పావు అంగుళం రంధ్రం చాలు. గొట్టం కొస గాలి వాలులో ఎగరకుండా డక్టు గోడకు దాదాపు సమంగా ఉండాలి. లోపలికి పొడుచుకొచ్చి గాలికి ఎదురు తిరిగితే ఒత్తిడికి గాలి వేగం కలిసి అంకె తప్పుగా వస్తుంది. కొలిచాక రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూయాలి. రిటర్న్ వైపు ఎప్పుడూ పీలుస్తూ ఉంటుంది కాబట్టి తెరిచి వదిలితే యాటిక్ దుమ్మూ వేడీ ఇంట్లోకే వస్తాయి.

ఇక్కడే జాగ్రత్తలు. రంధ్రం చేసేముందు యూనిట్ స్విచ్, బ్రేకర్ రెండూ ఆపండి. రంధ్రం డక్టు రేకుకే చేయాలి. ఫర్నేస్ పెట్టెకు, కాయిల్ పెట్టెకు, పొగ గొట్టానికి, నీళ్ల ట్రేకు దగ్గరగా డ్రిల్లు పోనివ్వొద్దు. కాయిల్‌కు చిల్లు పడితే గ్యాసంతా పోతుంది. గ్యాస్ ఫర్నేస్‌లో మంట పెట్టెకు చిల్లు పడితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. డ్రిల్లు బిట్‌కు అర అంగుళం దగ్గర టేపు చుట్టుకుంటే అంతకంటే లోపలికి పోదు. బ్లోయర్ తలుపు తీస్తే యూనిట్ ఆగిపోయేలా ఒక చిన్న స్విచ్ ఉంటుంది. కొలత కోసం దాన్ని టేపుతో నొక్కిపెట్టే ఆలోచన వద్దు.

కొలిచేటప్పుడు ఫ్యాన్ వేగం ప్రతిసారీ ఒకటే ఉండాలి. ఇది పాటించకపోతే మిగిలిన శ్రమంతా దండగ. ఒకే వేగంతో నడిచే పాత యూనిట్ అయితే ఏసీ మొదలై పది నిమిషాలయ్యాక కొలవండి. వేగం మారుతూ ఉండే కొత్త యూనిట్ అయితే థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ను ఆన్‌లో పెట్టి, కూలింగ్ ఆపి కొలవండి. అంకె కాస్త చిన్నగా వస్తుంది, ఫరవాలేదు. రేపటి అంకెను ఇవాళ్టి అంకెతో పోల్చడమే మన పని. గాలి సగమైతే ఫిల్టర్ దగ్గర ఒత్తిడి తేడా కూడా సగానికో అంతకంటే కిందికో పడిపోతుంది. అందుకే ఒకరోజు కూలింగ్‌లో, ఇంకోరోజు ఫ్యాన్‌లో తీసిన అంకెలను పక్కపక్కన పెడితే అర్థముండదు. బాత్రూం, బెడ్రూం తలుపులు తెరిచే ఉంచండి. వాడని గదుల్లో గాలి వచ్చే గ్రిల్లులు మూసే అలవాటు మనవాళ్లకు ఎక్కువ. మూస్తే కరెంటు ఆదా కాదు, మొత్తం ఒత్తిడి పెరుగుతుంది. కొలతకు ముందు అవన్నీ తెరవండి, ఆ తర్వాత కూడా తెరిచే ఉంచండి.

కొత్త ఫిల్టర్ పెట్టిన రోజే మొదటి అంకె తీసి చట్రం మీద మార్కర్‌తో తేదీ, ఒత్తిడి రాసిపెట్టండి. ఆ తర్వాత రెండు వారాలకోసారి చూస్తే చాలు. రెట్టింపైతే మార్చమని చెప్పేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. కొత్తదే 0.28 ఉన్న ఫిల్టర్‌ను 0.56 దాకా ఆగితే యూనిట్‌కున్న మొత్తం 0.5 వాటా దాటిపోయినట్టే. కొత్తదాని అంకె మీద 0.1 పెరిగితే మార్చేయండి. 0.12 దగ్గర మొదలైనది 0.22కి చేరితే సమయమైంది. 0.28 దగ్గర మొదలైతే అసలు ఆ ఫిల్టరే మీ ఇంటికి తగినది కాదు. దాని గురించి కింద రాశాం.

బ్లోయర్ మోటార్ రకాన్ని బట్టి అంకె ప్రవర్తన మారుతుంది. పాతకాలం పీఎస్‌సీ మోటార్‌కు పక్కన వెండిరంగు డబ్బాలాంటి కెపాసిటర్ ఉంటుంది. అడ్డంకి పెరిగేకొద్దీ అది పంపే గాలి తగ్గిపోతుంది, గాలి తగ్గింది కాబట్టి ఒత్తిడి తేడా కూడా నెమ్మదిగానే పెరుగుతుంది. ఇలాంటి ఇంట్లో అంకె 0.1 పెరిగేదాకా ఆగక 0.07 పెరిగినప్పుడే మార్చడం మంచిది. కొత్తరకం ఈసీఎం మోటార్ అడ్డంకి పెరిగినా గాలి తగ్గకుండా చూసుకోవడానికి ఇంకా గట్టిగా తిరుగుతుంది. అంకె త్వరగా పెరుగుతుంది, హోరు వినిపిస్తుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది. అమెరికా ఇంధన శాఖ నియమం ప్రకారం 2019 జులై 3 తర్వాత తయారైన ఫర్నేసుల్లో ఎక్కువగా ఇవే. మోటార్ తీగకు కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి ఫిల్టర్ సంగతి కనిపెట్టవచ్చని కొందరంటారు. పీఎస్‌సీలో ఫిల్టర్ పూడితే ఆంపియర్లు తగ్గుతాయి, ఈసీఎంలో పెరుగుతాయి. ఇది తెలియక తలకిందులుగా చదివేవాళ్లే ఎక్కువ.

అంకె తగ్గితే సంతోషపడకండి. వాడేకొద్దీ ఫిల్టర్ శుభ్రపడదు. తగ్గిందంటే గొట్టం ఊడి ఉండాలి, లేదా ఫిల్టర్ గాలి దెబ్బకు వంగి పక్కసందులోంచి గాలి దూరిపోతుండాలి, లేదా బ్లోయర్ చక్రానికి మకిలి పట్టి గాలే తగ్గి ఉండాలి. పక్కసందు కథ చాలా ఇళ్లలో ఉంది. 20 బై 25 బై 1 అని అచ్చున్న ఫిల్టర్ అసలు కొలత ఒక్కోవైపు అర అంగుళం దాకా తక్కువ ఉంటుంది, మందం ముప్పావు అంగుళమే. స్లాట్ అంతకంటే వదులైతే చట్రం చుట్టూ నల్లటి చారలు పడతాయి. ఆ చారలే దుమ్ము దొంగదారి. తలుపుకు వేసే ఫోమ్ పట్టీ అంటిస్తే చాలు. మరొకటి, ఇల్లు కొన్నవాళ్లకు గ్రిల్‌లో ఒక ఫిల్టర్ కనిపిస్తుంది, యాటిక్‌లో యూనిట్ దగ్గర పాత యజమాని వదిలేసిన రెండోది ఉన్నట్టు తెలియదు. ఏళ్ల తరబడి అది అట్టలా గట్టిపడి ఉంటుంది. గ్రిల్ దగ్గర అంకె బాగుండి కూడా గాలి రాకపోతే ముందు దాన్ని వెతకండి.

పలక మీద నీరు ఆరిపోతుంటుంది, రోజూ చూడాలంటే విసుగు. ఎలక్ట్రానిక్స్ చేతనైనవాళ్లకు ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఒత్తిడి తేడాను కొలిచే సెన్సిరియన్ కంపెనీ ఎస్‌డీపీ810 సెన్సర్ సరిపోతాయి. ఇందులో ప్లస్ మైనస్ 500 పాస్కల్‌ల రకం తీసుకోండి. సెన్సర్‌కు 3.3 వోల్టులు, గ్రౌండ్, క్లాక్ తీగ, డేటా తీగ, ఈ నాలుగే. విడి సెన్సర్‌లో పుల్‌అప్ రెసిస్టర్లు ఉండవు, క్లాక్‌కూ డేటాకూ చెరో 10 కిలో ఓమ్‌లు 3.3 వోల్టులకు వేయాలి. అవి లేకపోతే బోర్డు సెన్సర్‌ను కనిపెట్టనే కనిపెట్టదు. కాళ్ల వరుస మిగతా సెన్సర్లలా ఉండదు, డేటాషీట్ చూడకుండా తీగలు కలపకండి. ఆ బోర్డును నడిపే ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి సిద్ధంగా భాగం ఉంది, ఎస్‌డీపీ3ఎక్స్ పేరుతో. సొంతంగా కోడ్ రాసుకునేవాళ్లు వచ్చిన ముడి అంకెను 60తో భాగిస్తే పాస్కల్‌లు వస్తాయి. 0.1 అంగుళం అంటే 25 పాస్కల్‌లు. రీడింగ్ మైనస్‌లో వస్తే కోడ్ మార్చనక్కర్లేదు, గొట్టాలు అటూ ఇటూ మార్చండి.

ఈ సెన్సర్ లోపలినుంచి సన్నగా గాలి ప్రవహిస్తూనే ఉంటుంది, ఆ ప్రవాహాన్ని కొలిచే అది ఒత్తిడి చెబుతుంది. అందుకని దుమ్ము పోకుండా గొట్టంలో దూది కుక్కితే అంకె తగ్గిపోతుంది. గొట్టాలు మీటరు లోపు ఉంచండి. బోర్డును టెక్సస్ యాటిక్‌లో పెట్టకండి, వేసవి మధ్యాహ్నం అక్కడ 130 ఫారన్‌హీట్ దాటుతుంది. డెన్వర్‌లాంటి ఎత్తయిన ఊళ్లలో ఇది దాదాపు ఏడోవంతు తక్కువ చూపుతుంది, ఎందుకంటే దీన్ని 966 మిల్లీబార్ల గాలిలో సరిచేశారు. మీ అంకెను మీ పాత అంకెతోనే పోలుస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. పొరుగూరి బంధువు అంకెతో పోల్చుకుంటే ఉంది. అంకె 5 పాస్కల్‌లు దాటినప్పుడే ఫ్యాన్ తిరుగుతున్నట్టు లెక్కగట్టి, మొదటి మూడు నిమిషాలు వదిలేసి, ఆ తర్వాతి సగటు మాత్రం దాచుకోండి. లేకపోతే ఫ్యాన్ ఆగిన సున్నాలు కలిసి గ్రాఫ్ పనికిరాకుండా పోతుంది.

చవగ్గా దొరుకుతుందని ఎంపీఎక్స్‌వీ7002 సెన్సర్ కొనేవాళ్లున్నారు. దాని పరిధి ప్లస్ మైనస్ 2000 పాస్కల్‌లు. మనం వెతికేది 25 పాస్కల్‌ల మార్పు. దాని సహజమైన పొరపాటే అంతకంటే ఎక్కువ. రెండు బారోమీటర్ చిప్‌లు ఫిల్టర్‌కు చెరో వైపు పెట్టి తీసివేద్దామన్న ఆలోచనకూ ఇదే గతి. ఏ తీగలూ ఇష్టం లేనివాళ్లు డ్వయర్ కంపెనీ మాగ్నహెలిక్ అనే ముల్లున్న ఒత్తిడి మీటర్ గోడకు బిగించుకోవచ్చు. 2000-0 రకం 0.5 అంగుళం దాకా చూపుతుంది, మన పనికి అది సరైనది. 2001 రకం 1 అంగుళం దాకా చూపుతుంది కానీ ముల్లు కదలిక అందులో సగమే.

ఒత్తిడి చెప్పలేని సంగతి ఒకటుంది. మడతల ఫిల్టర్లలో చాలావాటి నూలుకు స్థిర విద్యుత్తు ఎక్కించి ఉంటుంది. సన్నటి కణాలను పట్టేది ప్రధానంగా ఆ విద్యుత్తే. కార్చిచ్చు పొగ, నూనె ఆవిరి, అగరొత్తి పొగ ఆ విద్యుత్తును చంపేస్తాయి. కానీ ఆ కణాలు ఎంత సన్నవంటే దారిని పెద్దగా పూడ్చవు. అంకె 0.12 దగ్గరే ఉంటుంది, ఫిల్టర్ మాత్రం పట్టడం మానేస్తుంది. 2023 జూన్ మొదటి వారంలో కెనడా కార్చిచ్చు పొగ న్యూయార్క్, న్యూజెర్సీలను కమ్మేసినప్పటిలాంటి రోజులు వస్తే, పొగ తగ్గగానే ఒత్తిడి ఎంతున్నా ఫిల్టర్ మార్చాలి. ఇంట్లో పీఎం2.5 (గాలిలోని సన్నటి కణాల లెక్క) చూపే ప్లాంటవర్ పీఎంఎస్5003 లాంటి కణాల సెన్సర్ ఉంటే ఇక్కడ దాని ఉపయోగం. వంటయ్యాక అంకె దిగడానికి పట్టే సమయం కొత్త ఫిల్టర్ రోజుల్లో ఎంతుండేదో, ఇప్పుడెంతుందో చూసుకోవచ్చు. అదే సెన్సర్‌తో ఫిల్టర్ పూడిందో లేదో తెలుసుకోవాలనుకుంటే మాత్రం కుదరదు. మడతల ఫిల్టర్‌ను కుళాయి కింద కడిగి ఆరబెట్టి మళ్లీ వాడేవాళ్లకు కూడా ఇదే మాట. కడిగితే దుమ్ముతోపాటు విద్యుత్తూ పోతుంది.

నూనె ఆవిరి సంగతి వంటింట్లోనే తేల్చుకోవడం మేలు. పొయ్యి మీద మైక్రోవేవ్ కింద ఉన్న ఫ్యాన్ వేసి, దాని పైఅంచు దగ్గర అరచెయ్యి పెట్టండి. గాలి చేతికి తగిలితే అది ఆవిరిని బయటికి పంపడం లేదు, ఇంట్లోకే తిప్పుతోంది. ఆ ఇళ్లలో తాలింపు ఆవిరంతా చివరికి చేరేది ఈ ఫిల్టర్‌కే.

ఏ ఫిల్టర్ కొనాలన్నదానికి వస్తే, మెర్వ్ 13 అంటే 0.3 నుంచి 1 మైక్రాన్ కణాల్లో కనీసం సగం, 1 నుంచి 3 మైక్రాన్లవాటిలో 85 శాతం పట్టాలి. మెర్వ్ 8కు అంత సన్నటి కణాల నియమమే లేదు. ఉబ్బసం ఉన్నవాళ్లుంటే 13 కావాలి. కానీ ఒక అంగుళం మందంలో 13 కొని ఇరుకు స్లాట్‌లో పెడితే బ్లోయర్ గొంతు నొక్కినట్టే. లెక్క ఇలా చూసుకోండి. ఏసీ సామర్థ్యంలో టన్నుకు నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి. 3 టన్నులకు 1200. 16 బై 25 ఫిల్టర్ వైశాల్యం 2.78 చదరపు అడుగులు, అంటే గాలి నిమిషానికి 432 అడుగుల వేగంతో గుద్దుకుంటుంది. 20 బై 25లో 346. 300 లోపు ఉంటేనే ఒక అంగుళం ఫిల్టర్ హాయిగా పనిచేస్తుంది. అందుకు 3 టన్నులకు 576 చదరపు అంగుళాలు కావాలి. ఒక గ్రిల్ చాలకపోతే రెండో రిటర్న్ గ్రిల్ పెట్టించుకోవడమో, 4 అంగుళాల మందం ఫిల్టర్ పట్టే పెట్టె వేయించుకోవడమో చేయాలి. మందం ఎక్కువైతే మడతల లోతు పెరిగి గుడ్డ ఎక్కువ పడుతుంది. అదే మెర్వ్ 13 అయినా ఒత్తిడి బాగా తగ్గుతుంది, నెలలు ఎక్కువ ఆగుతుంది. పెట్టె వేయించడానికి ఒకసారి అయ్యే ఖర్చు మాకు దండగగా అనిపించదు. చవకరకం గాజునూలు ఫిల్టరే పెట్టండి, యూనిట్ బాగుంటుందని కొందరు సర్వీసువాళ్లు చెప్పే సలహాతో మాత్రం మేం ఏకీభవించం. అది యంత్రాన్ని కాపాడుతుంది, మనుషుల ఊపిరితిత్తుల సంగతి దానికి పట్టదు.

హైదరాబాద్, విజయవాడల్లో గోడకు బిగించే స్ప్లిట్ ఏసీలకు ఈ కొలతల గొడవ లేదు. వాటిలో చాలావాటిది కడిగి వాడుకునే వల మాత్రమే, వాడకం ఉన్న నెలల్లో రెండు వారాలకోసారి కుళాయి కింద పట్టి నీడన ఆరబెట్టి పెడితే చాలు. అది దోమతెరలాగా పెద్ద దుమ్మునే ఆపుతుంది కాబట్టి దాని నుంచి సన్నటి కణాల రక్షణ ఆశించకండి. విల్లాల్లో డక్టు ఏసీలు పెట్టించుకున్నవాళ్లకు మాత్రం పై పలక పద్ధతి యథాతథంగా పనిచేస్తుంది.

పేజీలో చోటు సరిపోకపోతే ఎలక్ట్రానిక్స్ భాగం తీసేసి వేయండి, పలకతోనే పని జరుగుతుంది. డ్రిల్లు జాగ్రత్తలున్న పేరా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దని మనవి.

ఇట్లు,
ఏసీ, ఎలక్ట్రానిక్స్ పనుల్లో ఉన్న కొందరు పాఠకులు,
ఫ్రిస్కో, టెక్సస్